జొన్ని నీడ

పొద్దున ఐదున్నరకు జైలు వెనక ఇనుప తలుపు తెరుచుకుంటుంది. ముందు కుక్కలు వస్తాయి, వాటి వెనక మనుషులు. ఎండ ముదిరితే ఇసుక పెనంలా కాలుతుంది, కుక్కల పాదాలు బొబ్బలెక్కుతాయి. అందుకని పాఠాలన్నీ ఎనిమిదిలోపే అయిపోవాలని రూలు. పాదాల గురించి ఇంత శ్రద్ధ తీసుకునే కంపెనీని భోజన్న తన ఇరవై ఆరేళ్ల దుబాయ్ బతుకులో ఒక్కదాన్నీ చూడలేదు. అదే మాట పక్కన నడుస్తున్న ఆసిమ్‌తో అన్నాడు.

“కుక్కకు పాస్‌పోర్టు లేదు భోజన్ భాయ్. గుంజుకుని బీరువాలో పెట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే దానికంత మర్యాద” అన్నాడు ఆసిమ్. పెషావర్ నుంచి వచ్చి టాక్సీ నడిపిన మనిషి. నవ్వకుండా నవ్విస్తాడు.

అబుదాబి ఎడారి అంచున ఉన్న ఆ జైల్లో ఎనిమిది మంది ఖైదీలకు ఎనిమిది కుక్కలను అప్పజెప్పారు. ఏడాదిపాటు వాటికి పని నేర్పాలి. కింద పడ్డ వస్తువు నోట పట్టి అందివ్వడం, తలుపుకు కట్టిన తాడు లాగడం, లైటు స్విచ్చి ముక్కుతో నొక్కడం, మనిషి పడిపోతే పక్కింటి తలుపు గీకి పిలుచుకు రావడం. అన్నీ వచ్చాక చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లకో, కర్రల సాయంతో నడిచేవాళ్లకో ఇస్తారు. అలాంటివాళ్లను ఈ దేశంలో వికలాంగులు అనరు. హిమ్మత్, అంటే పట్టుదల ఉన్నవాళ్లు అంటారు.

భోజన్నకు ఇచ్చింది రెండేళ్లు కూడా నిండని లాబ్రడార్ ఆడకుక్క. కాగితాల్లో దాని పేరు నూర్. ఒళ్లంతా కాల్చిన జొన్నరొట్టె రంగు. మొదటి రోజే ‘జొన్ని’ అన్నాడు, అది తోకాడించింది, ఇక ఆ పేరే ఖాయమైంది.

పాఠాలు చెప్పించే టీచరు శ్రీసుధ. విజయవాడ వాళ్లమ్మాయే గానీ పుట్టి పెరిగింది అబుదాబిలోనే. ముప్పై దాటలేదు. వారానికి మూడు రోజులు వచ్చి, అట్టకు బిగించిన ఫారాల మీద టిక్కులు పెట్టుకుంటూ ఒక్కో కుక్క దగ్గరా నిలబడుతుంది. ఆ ఫారంలో పళ్లకొక గడి, బరువుకొక గడి, నీడకొక గడి ఉంటాయి.

నీడ సంగతి ఏమిటంటే, పని నేర్చే కుక్కకు నాలుగో నెలలో సొంత నీడ పోతుంది, పాలపళ్లు ఊడినట్టు. పది పదిహేను రోజులు నీడ లేకుండానే తిరుగుతుంది. ఆ రోజుల్లో కొంచెం చిరాగ్గా ఉంటుంది, తిండి తగ్గిస్తుంది. తర్వాత కొత్త నీడ మొలుస్తుంది. ఆ కుక్క ఎవరికి అవసరమో వాళ్ల నీడ. శ్రీసుధ దాన్ని టేపుతో కొలిచి, తారీకు వేసి, దరఖాస్తుల్లో ఉన్న ఫొటోలతో సరిచూసుకుంటుంది. కుక్క ఆ మనిషి దగ్గరికి చేరిన నెల రోజుల్లో దాని నీడ దానికి తిరిగొస్తుంది. అప్పుడు ఫారం మూసేస్తారు.

ఆసిమ్ కుక్కకు అప్పటికే నీడ వచ్చింది. చంకల కింద కర్రలు పెట్టుకున్న ఎనిమిదేళ్ల పాప. ఆసిమ్ దాన్ని తొక్కకుండా ఎప్పుడూ ఎండవైపే నడిచేవాడు.

జొన్నికి మాత్రం నీడ రాకముందే గొడవొచ్చింది. జైలు ముదీర్, అంటే పెద్ద అధికారి, ఒకరోజు చూడడానికొచ్చి, జొన్ని ముందు నిలబడి ఇంగ్లీషులో కూర్చోమన్నాడు. జొన్ని ఆయన బూట్ల వైపు చూసింది. మళ్లీ అన్నాడు. ఆవులించింది. భోజన్న గొంతు సవరించుకుని “కూసో” అన్నాడు. టక్కున కూర్చుంది. “పట్కరా” అంటే ముదీర్ చేతిలోంచి జారిన తాళాల గుత్తి తెచ్చి ఇచ్చింది. “జర ఆగు” అంటే రాయిలా ఆగింది.

ముదీర్ వెళ్లాక శ్రీసుధ నెత్తి పట్టుకుంది.

“నేర్పాల్సిన ముప్పై రెండు మాటలూ మీ ఊరి యాసలోనే నేర్పుతున్నారా? ఇంగ్లీషు మాటలన్నీ కాగితం మీద రాసిచ్చాను కదా భోజన్నగారూ.”

“రాసిచ్చినవ్ బిడ్డా. నాకు సదువు రాదని నువ్వు అడగలే, నేను చెప్పలే.”

ఆమె ఫారాల అట్ట కిందికి దించింది. “మరి ఆ కాగితం ఏం చేశారు?”

“మడతపెట్టి దిండు కింద పెట్టుకున్న. టీచరు రాసిచ్చిన కాగితం పారేస్తరా ఎవలన్న?”

ముదీర్ ఒక మాట చెప్పి పంపాడు. నీడ వచ్చేదాకా చూద్దాం. ఆ నీడ మనిషికి ఈ భాష రాకపోతే ఖలాస్, కుక్కను గోడౌన్ కాపలాకు ఇచ్చేయండి. గోడౌన్ అంటే గొలుసు. గొలుసు సంగతి తెలిసినవాళ్లే కాబట్టి ఎనిమిది మంది ఖైదీలూ జొన్ని నీడ కోసం ఎదురుచూశారు.

చదువు రాకపోవడం భోజన్నకు మొదటిసారి తెచ్చిన చిక్కు కాదిది. ఆయన జగిత్యాల దగ్గర పల్లె నుంచి ఇరవై అయిదేళ్ల వయసులో వచ్చాడు. ఫుజైరా కొండల్లో రాళ్ల క్వారీలో డంపర్ నడిపాడు. బండికి ఒక్క గీత పడనివ్వలేదు. ఆ క్వారీలో సేఫ్టీ ఆఫీసరు బాలసుబ్రహ్మణ్యం, కాకినాడ మనిషి. చెవి మీద పెన్ను పెట్టుకుని తిరిగేవాడు. ప్రతి ఉదయం ప్రతి బండినీ చూసి, బ్రేకు బాగుంది, టైరు బాగుంది, హారన్ బాగుంది అని చెక్ షీటు మీద సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన వారానికి సరిపడా షీట్లన్నిటి మీదా ఒకేసారి, ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టేసేవాడు. ఆ ఒక్క క్వారీలోనే కాదు, చెమట పట్టే ప్రతి చోటా కాగితం ఇలాగే తయారవుతుంది.

ఒక వారం భోజన్న బండికి రివర్స్ హారన్ మోగడం మానేసింది. బండి వెనక్కి వస్తుంటే టీంటీం అని అరిచే హారన్ అది. కాగితం రాసివ్వలేడు గనక మూడు పొద్దులు వరసగా వెళ్లి నోటితోనే చెప్పాడు. “సార్, ఎనుకకు వస్తుంటే హారన్ కొడ్తలేదు.” మూడుసార్లూ ఒకటే జవాబు. “రేపు చూద్దాంలే భోజన్నా. ట్రిప్పులు ఆపితే క్వారీ ముదీర్ నన్ను నమిలేస్తాడు.” నాలుగో పొద్దున డంపర్ వెనక్కి వస్తుంటే దాని వెనక ఫోన్ మాట్లాడుతూ నిలబడి ఉన్నది ఆ బాలసుబ్రహ్మణ్యమే.

ప్రాణం దక్కింది. నడుము కింద ఏదీ కదల్లేదు. కోర్టులో చెక్ షీటు చూపించారు. హారన్ బాగుంది అని ఉంది, కింద సంతకం ఉంది. ఆసుపత్రి మంచం మీంచి బాలసుబ్రహ్మణ్యం ఆ సంతకం తనదేనన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. భోజన్నకు మూడేళ్లు వేశారు. తీర్పులో ఒక మాట ఉంది, నిర్లక్ష్యం. చదవలేనివాడు గనక దుబాసీతో రెండుసార్లు చెప్పించుకుని ఆ మాటను గుర్తుపెట్టుకున్నాడు. జైలు కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ కోసింది. ఊళ్లో భార్య గౌరవ్వను అడుగుతారట, ‘మీ ఆయన నిద్రపోయిండా, తాగిండా’ అని. ఆ మాట ఒక్కటి తీసేస్తే మిగతా శిక్ష నవ్వుతూ చేస్తానని ఫోన్లో చెప్పాడామెకు.

ఒక ఉదయం జొన్నికి నీడ వచ్చింది.

ఎండ అప్పుడే గోడ దాటింది. కుక్క కాళ్ల దగ్గర మొదలై ఇసుక మీద పొడుగ్గా పరుచుకుంది. రెండు చక్రాలు, కుర్చీ వీపు, ముందుకు వంగిన భుజాలు. తల. కుడి చెవి మీద అడ్డంగా ఒక పెన్ను.

భోజన్న చేతిలో పట్టీ వదిలేసి గోడ నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

శ్రీసుధ టేపు పెట్టి కొలిచింది. దరఖాస్తులు తిరగేసింది. “అదృష్టం చూడండి, తెలుగాయనే. బనియాస్‌లో ఉంటారు. భార్య అనంతలక్ష్మి అక్కడే స్కూల్లో టీచరట, ఆవిడే దరఖాస్తు పెట్టారు. బాలసుబ్రహ్మణ్యం అని...”

“ఎరుకే” అన్నాడు భోజన్న.

ఆ తర్వాత మూడు రోజులు పాఠం చెప్పలేదు. జొన్నికి తిండి పెట్టేవాడు, నీళ్లు పెట్టేవాడు, దువ్వేవాడు. మాట్లాడేవాడు కాదు. సంగతంతా శ్రీసుధకు చెప్పాల్సి వచ్చింది. ఆమె విని, ఫారంలో నీడ గడి మీద వేలు పెట్టింది.

“వేరేవాళ్లకు ఇమ్మంటే ఇవ్వలేను. నీడ వచ్చాక వేరే ఇంట్లో అది తినదు. మీరు నేర్పనంటే గోడౌనే. మీ ఇష్టం. నేనైతే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.”

ఆసిమ్‌కు అంత ఓపిక లేదు. “నువ్వు ఆయన కాళ్లు తీసుకున్నావు, ఇప్పుడు కాళ్లు ఇవ్వు. దేవుడు ఇంత చక్కగా దారి చూపిస్తే గోడకు ఆనుకుని కూర్చుంటావేం?”

“నేను తీస్కోలే. ఆయన సంతకం తీస్కుంది.”

“సరే. అయితే ఈ కుక్కను సగం నేర్పి పంపు. రేపు ఏదో ర్యాంపు మీద అది కుర్చీని వదిలేస్తుంది. ముసలాయన దొర్లిపోతాడు. నీ కడుపు చల్లబడుతుంది.”

 ఆ మాట భోజన్న లోపలికి దిగింది. సగం నేర్పి పంపిస్తే, అది వదిలేస్తే, అప్పుడు తీర్పులో రాసిన మాట నిజమవుతుంది. ఇన్నాళ్లూ అబద్ధంగా మోస్తున్న మాటను తన చేత్తో తనే నిజం చేసుకున్నవాడవుతాడు. వాళ్లు రాసినంత మాత్రాన నిర్లక్ష్యపు మనిషి కాలేదు. కాబోడు కూడా.

నాలుగో పొద్దున జొన్ని దువ్వెన నోట పట్టుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. ఎవరూ అడక్కుండానే తెచ్చింది. భోజన్న లేచాడు.

“నడ్వు. పనుంది.”

ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు ఆయన నేర్పినట్టు మరెవరూ నేర్పలేదు. ఆసిమ్‌ను పాత చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ర్యాంపులు ఎక్కించాడు, దింపాడు. ముప్పై రెండు మాటలు అయ్యాక ముప్పై మూడోది మొదలుపెట్టాడు. అది శ్రీసుధ పుస్తకంలో లేదు. కుర్చీ వెనక్కి కదిలితే చాలు, జొన్ని పరుగున వెనక్కి వెళ్లాలి, నేల చూడాలి, రెండుసార్లు మొరగాలి. వెనక మనిషో మెట్టో ఉంటే మొరగడం ఆపకుండా చక్రానికి అడ్డంగా కూర్చోవాలి. ఎన్నిసార్లు? వెయ్యిసార్లు, రెండు వేలసార్లు. కుర్చీలో ఊగి ఊగి ఆసిమ్‌కు కళ్లు తిరిగేవి.

“ఇది ఎవరు చెప్పారు నేర్పమని?” అంది శ్రీసుధ.

“మూడు దినాలు ఎవలికైతే నేను చెప్పిన్నో, ఆయనకే చెప్తున్న” అన్నాడు భోజన్న.

కుక్కను అప్పజెప్పే రోజు నేర్పినవాడు ఎదురుగా ఉండాలి, పట్టీ చేతికివ్వాలి. ఎవరు నేర్పారో తీసుకునేవాళ్లకు ముందు చెప్పకూడదని రూలు. ములాఖాత్ గదిలోకి అనంతలక్ష్మి కుర్చీ తోసుకుంటూ వచ్చింది. బాలసుబ్రహ్మణ్యం జుట్టు పూర్తిగా నెరిసింది. చెవి మీద పెన్ను మాత్రం అలాగే ఉంది. జొన్ని నీడ వెళ్లి ఆయన నీడ మీద సరిగ్గా అతుక్కుంది. అప్పుడాయన తలెత్తి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ భోజన్నను చూశాడు.



“బాగున్నావా భోజన్నా?”

“జైల్ల ఉన్న సార్.”

“నువ్వని తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు.”

“తెలుసు సార్. పట్టీ పట్టుకోండ్రి.”

నేర్పినవాడు మాటలన్నీ అప్పజెప్పాలి. భోజన్న అప్పజెప్పాడు. బాలసుబ్రహ్మణ్యం మెల్లిగా “కూర్చోవే” అన్నాడు. జొన్ని కదల్లేదు. “కూర్చో అమ్మా.” తల పక్కకు వంచింది.

“గట్లంటే ఇనది సార్. కూసో అనాలె. గట్టిగ కాదు, ఇంట్ల మనిషితోని అన్నట్టు.”

“కూ... సో.”

“జర పొట్టిగ.”

అనంతలక్ష్మి నవ్వాపుకోలేకపోయింది. “ఇన్నేళ్ల కాపురంలో నా మాటే ఒక్కటి నేర్చుకోలేదు ఈయన. ఇప్పుడు మీ యాస నేర్చుకోవాలన్నమాట. మంచి శాస్తే చేశారు అన్నయ్యగారూ.”

ముప్పై రెండూ అయ్యాయి. చివరిదానికి భోజన్న కుర్చీ చేతిపిడి పట్టుకుని ఒక్క అడుగు వెనక్కి లాగాడు. జొన్ని గిర్రున తిరిగి వెనక నిలబడి రెండుసార్లు మొరిగింది. గదంతా మోగింది.

బాలసుబ్రహ్మణ్యం రెండు చేతులతో చక్రాలు పట్టుకున్నాడు. ఆ మొరుగు దేనిదో చెప్పాల్సిన పనిలేదు.

“ఇది చెడిపోదు సార్. దినాం సూడాల్సిన పనిలే” అని భోజన్న పట్టీ వదిలేశాడు.

బనియాస్‌లో బాలసుబ్రహ్మణ్యం వాళ్ల ఫ్లాటు రెండో అంతస్తులో. పొద్దున ఎండ బాల్కనీలోంచి హాల్లోకి వస్తుంది. కంపెనీ ఆయనకు ఇంట్లో కూర్చుని చేసే పని ఇచ్చింది, వీసా నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టిందో ఆయనకూ తెలుసు, కంపెనీకీ తెలుసు. బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిగినప్పుడల్లా వెనక రెండు మొరుగులు. వంటింట్లోంచి తిరిగినప్పుడు, లిఫ్టులోంచి బయటికి వచ్చేటప్పుడు. రోజుకు ముప్పైసార్లు, నలభైసార్లు. పైఅంతస్తు నాగరత్నమ్మగారు దాన్ని విని, ‘బాలుగారు లేచినట్టున్నారు’ అనుకుని స్టవ్ వెలిగించేవారు.

నెల తిరిగేసరికి నీడ మారింది. జొన్ని కింద నుంచి చక్రాలు పోయాయి. తోకా నాలుగు కాళ్లూ వస్తాయని వాళ్లు చూస్తుంటే, ఒక మనిషి వచ్చాడు. నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, జైల్లో లెక్కకు నిలబడినట్టు. కొంచెం గూని. నెత్తికి తువ్వాలు చుట్ట.

అనంతలక్ష్మి హాలు ఊడుస్తూ ఆ నీడ దాకా వచ్చి ఆగింది. చుట్టూ ఊడ్చింది గానీ దాని మీద చీపురు వెయ్యలేదు. తుడుపు గుడ్డ కూడా పక్కనుంచే తిప్పింది. మర్నాడూ అంతే. మూడో రోజు టీ కప్పు భర్త చేతికిస్తూ అడిగింది.

“ఆయనకు ఇంకా ఎన్నాళ్లుందండీ శిక్ష?”

“తొమ్మిది నెలలనుకుంటా.”

“ఆ హారన్ సంగతి మీకు చెప్పాడా, లేదా?”

కాళ్లు పోయిన రోజు నుంచి ఆమె అడగని ప్రశ్న అది. ఆయన టీ తాగలేదు.

“చెప్పాడు. మూడుసార్లు.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.  కింద వీధిలో బేకరీ వ్యాను హారన్ కొడుతూ వెళ్లింది.

“ఆ మాట చెప్తే ఈ పని పోతుంది అనంతా. వీసా పోతుంది. నా మీద కేసు పెట్టినా పెడతారు.”

“నా వీసా మీద ఉందురుగాని. రెండు గదులు ఎక్కువైతే ఒక గదిలో ఉందాం. ఈ ఇంట్లో రోజూ ఆయన చుట్టూ ఊడవడం మాత్రం నావల్ల కాదండీ.”

ఆ వారంలోనే శ్రీసుధ నెల తనిఖీకి వచ్చింది. నీడను కొలిచింది. ‘సొంత నీడ వచ్చిందా’ అన్న గడిలో ‘లేదు, మరొకరిది’ అని రాసుకుంది.

“తప్పు కాదమ్మా ఇది?” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

“కాదండీ. దాని అవసరం ఎవరికుందో వాళ్ల నీడే వస్తుంది. మీ పని అది చేస్తోంది. ఇంకొకరి పని బాకీ ఉంది, అంతే. ఫారం తెరిచే ఉంచుతాను.”

ఆమె వెళ్లాక ఆయన కుర్చీ వెనక్కి తిప్పాడు. జొన్ని రెండుసార్లు మొరిగింది. అప్పుడు బల్ల దగ్గరికి వెళ్లి తెల్ల కాగితం తీశాడు. చెవి మీద పెన్ను తీయబోతే జారి కింద పడింది.

“పట్కరా” అన్నాడు. పొట్టిగా, ఇంట్లో మనిషితో అన్నట్టు.

జొన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. గోడ మీద తువ్వాలు చుట్టుకున్న నీడ వంగి లేచింది. ఆయన ఒక పేజీ రాశాడు. అప్పుడు హారన్ పనిచెయ్యలేదు. డ్రైవరు నాకు మూడు రోజులు వరసగా చెప్పాడు. నేను చూడకుండా సంతకం పెట్టాను. రాసింది మూడుసార్లు చదివాడు. సంతకం పెట్టేముందు కాగితం చదవడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. సంతకం పెట్టి తల తిప్పేసరికి నేల మీద నాలుగు కాళ్లు, ఒక తోక ఉన్నాయి. అనంతలక్ష్మి చీపురు తెచ్చి హాలంతా ఊడ్చేసింది.

కోర్టు ఆ కాగితాన్ని చదవడానికి రెండు నెలలు తీసుకుంది. అప్పటికి భోజన్న చేతిలో కొత్త కుక్కపిల్ల ఉంది. ఈసారి ఇంగ్లీషు మాటలు ఆసిమ్ చదివి వినిపిస్తుంటే కంఠస్థం చేసి నేర్పుతున్నాడు. ముదీర్ గదికి పిలిచారు. శ్రీసుధ కూడా ఉంది. కొత్త తీర్పు ఆమే తెలుగులో చదివి చెప్పింది. మిగిలిన శిక్ష కొట్టేశారు.

ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. “ఆ మాట తీసేసిండ్రా?”

“తీసేశారు.”

“మల్లొకసారి సూడు బిడ్డా. నాకు సదువు రాదు.”

ఆమె మళ్లీ మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసింది. “లేదు భోజన్నగారూ. ఎక్కడా లేదు.”

తర్వాత తన ఫోన్లో ఫొటో చూపించింది. బనియాస్ బాల్కనీ, ఎండలో జొన్ని, దాని పక్కన దాని నీడ. భోజన్న ఫోను దగ్గరికి పెట్టుకుని చూశాడు.

“తోక జర వంకర వడ్డది” అన్నాడు. “సార్ సంగతేంది?”

“కంపెనీ పనిలోంచి తీసేసింది. కేసు నడుస్తోంది. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు. కూసో అనడం బాగా వచ్చేసిందట.”

భోజన్న తల ఊపాడు.

విడుదల రోజు పొద్దున ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే వ్యాను వచ్చింది. ఆసిమ్ ఆయన సంచి అందుకుని “యల్లా భోజన్ భాయ్, గౌరవ్వ భాభీకి సలాం చెప్పు” అన్నాడు. గేటు ముందు చోటు చాలక డ్రైవరు బండిని వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. టీం, టీం, టీం అని అరుస్తూ వ్యాను మెల్లిగా వెనక్కి వచ్చింది.

ఎక్కమని పోలీసు చెయ్యూపాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా భోజన్న నిలబడిన చోటు నుంచి కదల్లేదు.